సెంటాస్ 7 నుంచి ఉబుంటు 24.04కి మారితే లింకర్ ఎర్రర్లు: పాత ప్రోగ్రాం, సోర్స్ లేని వెండార్ లైబ్రరీ

రాఘవ_కె

అందరికీ నమస్కారం. రైస్ మిల్లుల వేబ్రిడ్జిల్లో (లారీలు తూచే కాంటాల్లో) నడిచే పాత ప్రోగ్రాం ఒకటి ఇప్పుడు నా చేతికి వచ్చింది. చాలావరకు సీ, కొంత సీ ప్లస్ ప్లస్. ఇన్నేళ్లూ సెంటాస్ 7 లినక్స్ మీద, దానితో వచ్చే జీసీసీ 4.8.5 కంపైలర్‌తో బిల్డ్ అయ్యేది. 2024 జూన్ 30తో సెంటాస్ 7కి సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి ఉబుంటు 24.04కి మార్చాలి. అక్కడ ఉన్నది జీసీసీ 13. కోడ్‌లో ఒక్క లైను కూడా ముట్టుకోకుండా మేక్ కొట్టాను. కంపైల్ ఏవో వార్నింగులతో గడిచిపోయింది గానీ లింక్ దగ్గర, అంటే కంపైలైన ఆబ్జెక్ట్ ఫైళ్లని లైబ్రరీలతో కలిపి ఒక్క ప్రోగ్రాం చేసే దగ్గర, కుప్పలుగా ఎర్రర్లు.

మొదటి రకం: "మల్టిపుల్ డెఫినిషన్ ఆఫ్ బఫ్". ఇలాగే ఇంకొన్ని పేర్లు.

రెండోది: "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు ఎస్‌క్యూలైట్3_ఓపెన్". ఎస్‌క్యూలైట్ డేటాబేస్ లైబ్రరీ ఇన్‌స్టాల్ అయి ఉంది, కమాండ్ లైన్లో పేరు కూడా ఉంది.

మూడోది వెయింగ్ ఇండికేటర్ (బరువు చూపించే పరికరం) వెండార్ ఇచ్చిన స్టాటిక్ లైబ్రరీ గురించి, అంటే ఆబ్జెక్ట్ ఫైళ్లని ఒక్క ఫైలుగా కట్టిన ఆర్కైవ్. బారెడు పొడవు పేర్లతో అన్‌డిఫైన్డ్ రిఫరెన్సులు వస్తున్నాయి. వాటి మధ్యలో "ఎక్స్‌ప్_ఫైనైట్", "లాగ్_ఫైనైట్" అనే పేర్లు, ముందు రెండేసి అండర్‌స్కోర్లతో. చివర్లో ఏదో రీలొకేషన్ గొడవ, "రీకంపైల్ విత్ -ఎఫ్‌పీఐఈ" అంటోంది. రీకంపైల్ చేయడానికి సోర్స్ లేదు. ఆ వెండార్ ఇప్పుడు లేడు.

లింక్ లైను ఇది:

జీ++ -ఎల్ఎస్‌క్యూలైట్3 -ఎల్‌పీథ్రెడ్ మెయిన్.ఓ సీరియల్.ఓ ప్రింట్.ఓ డీబీ.ఓ లిబ్‌ఇండికేటర్.ఏ -ఓ వేబ్రిడ్జ్

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

నాని_దేవ్

బ్రో, ఇవన్నీ తెలిసిన ఎర్రర్లే, ప్రతిదానికీ ఒక ఫ్లాగ్ ఉంది. సీఫ్లాగ్స్‌లో -ఎఫ్‌కామన్ పెట్టు. లింక్‌లో -డబ్ల్యుఎల్,--నో-ఆజ్-నీడెడ్ పెట్టు, -నో-పై పెట్టు. సీ ప్లస్ ప్లస్‌కి జీఎల్ఐబీసీఎక్స్ఎక్స్_యూజ్_సీఎక్స్ఎక్స్11_ఏబీఐ అనే మాక్రోని సున్నా చేయి. మిల్లు వాళ్లు ఎదురు చూస్తూ ఉంటారు కదా, ముందు నడవనీ. శుభ్రం చేయడం తర్వాత చూసుకోవచ్చు.

సుజాత_సిస్టమ్స్

నాని గారు చెప్పిన ఫ్లాగులన్నీ నిజంగా పనిచేసేవే. కానీ వాటిని ప్రోగ్రాం మొత్తానికి ఒకేసారి పెట్టొద్దు రాఘవ గారూ. మీ ఎర్రర్లలో మొదటి రెండు మీ కోడ్‌వి, మీ మేక్‌ఫైల్‌వి. అవి సరిదిద్దగలిగినవి. మూడోది మాత్రమే మీ చేతిలో లేనిది. ఫ్లాగుతో దాటవేయాల్సి వస్తే దాన్నే దాటవేయాలి.

బఫ్ సంగతి ముందు. హెడర్‌లోనో రెండు సీ ఫైళ్లలోనో ఎక్స్‌టర్న్ (అసలుది వేరేచోట ఉందని చెప్పేది) గానీ స్టాటిక్ (ఆ ఫైలుకే పరిమితం చేసేది) గానీ లేకుండా, విలువ ఇవ్వకుండా గ్లోబల్ వేరియబుల్ రాసి ఉంటారు. జీసీసీ 9 దాకా సీలో అలాంటివాటిని కామన్ సింబల్స్‌గా ఉంచేది, ఒకే పేరున్నవన్నీ లింకర్ ఒక్కటిగా కలిపేసేది. 2020లో వచ్చిన జీసీసీ 10 నుంచి -ఎఫ్‌నో-కామన్ డిఫాల్ట్ అయింది. ఇప్పుడు ప్రతిదీ పూర్తి డెఫినిషన్ కిందే లెక్క, రెండుంటే ఎర్రర్.

పాత_యునిక్స్

సుజాత గారి మాటకి కొంచెం వెనక కథ. ఈ కామన్ పద్ధతి ఫోర్‌ట్రాన్ కామన్ బ్లాకుల కాలం నాటిది. సీ కంపైలర్లు దాన్ని అలాగే వాడుకుంటూ వచ్చాయి. సీ ప్లస్ ప్లస్‌లో ఇది ఎప్పుడూ లేదు, అందుకే మీ సీ ప్లస్ ప్లస్ ఫైళ్ల నుంచి ఈ ఎర్రర్ వచ్చి ఉండదు. జీసీసీ 10 వచ్చినప్పుడు ఎన్నో పాత ప్రాజెక్టులు దీని దగ్గరే ఆగాయి. పాత లినక్స్ కెర్నల్, యూ-బూట్ బిల్డ్ చేసేవాళ్లకి డివైస్ ట్రీ కంపైలర్‌లో "మల్టిపుల్ డెఫినిషన్ ఆఫ్ వైవైలాక్" అని వచ్చేది గుర్తుందా? అదీ ఇదే.

-ఎఫ్‌కామన్ పెడితే ఎర్రర్ పోతుంది, నిజమే. కానీ ఆ రెండు ఫైళ్లు రాసినవాళ్లు ఒకే వేరియబుల్ కావాలనుకున్నారా, లేక విడివిడిగా రెండు కావాలనుకుని పేరు మాత్రం ఒకటే పెట్టుకున్నారా? ఇది లింకర్‌కి తెలియదు. సైజులు వేరైనా పెద్దదాన్ని తీసుకుని నోరెత్తకుండా కలిపేస్తుంది.

ఒక పని చేయండి. -ఎఫ్‌కామన్‌తోనే ఒకసారి బిల్డ్ చేయండి, సరిచేయడానికి కాదు, చూడటానికి. లింకర్‌కి --వార్న్-కామన్ ఇవ్వండి. ఏ పేరు ఏ ఫైళ్ల మధ్య కలుస్తోందో, ఎక్కడ చిన్నది పెద్దదానిలో కలిసిపోతోందో జాబితా వస్తుంది.

రాఘవ_కె

మాస్టారూ, జాబితా వచ్చింది. చాలావరకు హెడర్‌లో ఎక్స్‌టర్న్ లేకుండా రాసిన సెట్టింగులు. అవి నిజంగానే అందరికీ ఒకటే కావాలి. హెడర్‌లో ఎక్స్‌టర్న్ పెట్టి, కాన్ఫిగ్ ఫైల్లో ఒక్కచోట డెఫినిషన్ ఇచ్చాను.

కానీ బఫ్ అలాంటిది కాదు. సీరియల్ ఫైల్లో బఫ్ 64 బైట్లు, ఇండికేటర్ నుంచి వచ్చే బరువు చదవడానికి. ప్రింట్ ఫైల్లో బఫ్ 256 బైట్లు, స్లిప్ మీద లైను తయారు చేయడానికి. రెండూ వేర్వేరు థ్రెడ్లలో నడుస్తాయి. అంటే ఇన్నేళ్లూ రెండు థ్రెడ్లూ ఒకే మెమరీ మీద రాస్తున్నాయా?

మిల్లుల నుంచి ఎప్పటి నుంచో ఒక ఫిర్యాదు ఉంది: అప్పుడప్పుడూ స్లిప్ మీద లారీ నంబరు మధ్యలో అంకెలు కలగాపులగంగా పడతాయని. ఆపరేటర్లు మళ్లీ ప్రింట్ కొట్టి ఇచ్చేవాళ్లు. ప్రింటర్ కేబుల్ మార్చారు, ప్రింటర్లే మార్చారు.

సుజాత_సిస్టమ్స్

అవును, అదే కారణం అయ్యుండాలి. స్లిప్ లైను తయారవుతున్న క్షణంలో బరువు రీడింగ్ వస్తే, దాని అంకెలు మీ లైను మీద పడతాయి. రెండు చోట్లా స్టాటిక్ పెట్టేయండి. ఇప్పుడు అర్థమైంది కదా -ఎఫ్‌కామన్ పెట్టి వదిలేయొద్దని ఎందుకన్నానో. జీసీసీ 10 నుంచి వచ్చిన ఆ డిఫాల్ట్ ఇచ్చిన ఎర్రరే మీకు ఈ బగ్‌ని చూపించింది.

నాని_దేవ్

ఒప్పుకుంటున్నాను సుజాత గారూ. దీన్ని ఫ్లాగుతో మూసేసి ఉంటే ఉబుంటు మీద కూడా అవే స్లిప్పులు వచ్చేవి.

మరి ఎస్‌క్యూలైట్ దగ్గర --నో-ఆజ్-నీడెడ్ పెడితే తప్పేముంది? అక్కడ దాగే బగ్ ఏమీ లేదు కదా.

పాత_యునిక్స్

బగ్ ఏమీ లేదు, నిజమే. కానీ అక్కడ సరిచేయడం ఫ్లాగు పెట్టడం కంటే తేలిక. లైబ్రరీ పేరుని లైను చివరికి జరపడమే.

కారణం ఇదీ. లింకర్ లైనుని ఎడమ నుంచి కుడికి చదువుతుంది. ఉబుంటు 11.10 నుంచి అక్కడి జీసీసీ తనంతట తానే లింకర్‌కి --ఆజ్-నీడెడ్ ఇస్తోంది. అంటే ఒక షేర్డ్ లైబ్రరీ (ప్రోగ్రాం నడిచేటప్పుడు విడిగా లోడ్ అయ్యేది) కనిపించిన క్షణానికి, అప్పటిదాకా చదివిన ఆబ్జెక్టుల్లో దానితో ఎవరికీ పని లేకపోతే, వదిలేస్తుంది. మీ లైన్లో ఎస్‌క్యూలైట్ అన్నిటికంటే ముందుంది. అప్పటికి ఒక్క ఆబ్జెక్టూ రాలేదు, కాబట్టి దాన్ని పక్కనపెట్టేసింది. తర్వాత డీబీ.ఓ వచ్చి అడిగితే ఇచ్చేవాళ్లు లేరు. సెంటాస్‌లో ఈ డిఫాల్ట్ లేదు. అక్కడ షేర్డ్ లైబ్రరీ ఎక్కడ రాసినా పట్టుకునేది, అందుకే ఈ తప్పు ఇన్నాళ్లూ బయటపడలేదు.

మేక్‌ఫైల్లో -ఎల్ తో మొదలయ్యేవన్నీ ఎల్‌డీఫ్లాగ్స్‌లో పెట్టి ఉంటారు. ఎల్‌డీలిబ్స్‌కి మార్చండి. మేక్ సొంత రూల్స్‌లో ఎల్‌డీఫ్లాగ్స్ ఆబ్జెక్టుల ముందు వస్తాయి, ఎల్‌డీలిబ్స్ వెనక వస్తాయి. ఆ రెండు వేరియబుల్స్ ఉన్నదే అందుకు.

పీథ్రెడ్ (థ్రెడ్ల లైబ్రరీ) కూడా ముందే ఉంది కదా, దానికి ఎర్రర్ రాలేదేమని అనిపించొచ్చు. జీలిబ్‌సీ (ఈ సిస్టమ్‌లతో వచ్చే సీ లైబ్రరీ) 2.34 నుంచి పీథ్రెడ్ ఫంక్షన్లన్నీ ప్రధాన సీ లైబ్రరీలోనే ఉన్నాయి. ఉబుంటు 24.04లో ఉన్నది 2.39.

ఫాతిమా_సీపీపీ

గ్నూ లింకర్‌కి బదులు ఎల్‌ఎల్‌డీ అనే లింకర్ వాడేవాళ్లు ఒకటి గమనించాలి. అది చూసిన ప్రతి ఆర్కైవ్‌లోని పేర్లనూ గుర్తుపెట్టుకుంటుంది, అందుకని ఆర్డర్ తప్పినా చాలాసార్లు లింక్ అయిపోతుంది. మీ మెషీన్లో అయిపోయి పక్కవాళ్ల గ్నూ లింకర్‌తో ఆగిపోతుంది. ఎల్‌ఎల్‌డీలో --వార్న్-బ్యాక్‌రెఫ్స్ పెడితే అలాంటివి ముందే చూపిస్తుంది.

కిరణ్_ఎంబెడెడ్

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, ఆర్కైవ్ ఆర్డర్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మాది మైక్రోకంట్రోలర్ ప్రాజెక్ట్. డ్రైవర్లన్నీ ఇదివరకు మెయిన్ ప్రాజెక్టులోనే ఉండేవి, సీమేక్ అనే బిల్డ్ టూల్‌లో స్టాటిక్ లైబ్రరీగా విడగొట్టాం. లింక్ హాయిగా అవుతుంది, ఒక్క వార్నింగ్ లేదు. కానీ యూఎస్ఏఆర్‌టీ2 (సీరియల్ పోర్ట్) ఇంటరప్ట్ రాగానే బోర్డు డిఫాల్ట్ హ్యాండ్లర్‌లోకి వెళ్లి అనంతంగా తిరుగుతోంది. నా హ్యాండ్లర్ లైబ్రరీలో ఉంది, ఎన్ఎం (లోపలి పేర్ల జాబితా చూపే టూల్) కొట్టి చూస్తే కనిపిస్తోంది. సీ ఫైలే, కాబట్టి సీ ప్లస్ ప్లస్ పేరు మార్చేసే (ఎక్స్‌టర్న్ సీ) సమస్య కాదు. డ్రైవర్లు విడగొట్టక ముందు బాగానే పనిచేసింది.

సుజాత_సిస్టమ్స్

కిరణ్ గారూ, ఇది ఈ రంగంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే విషయం. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, కోడ్ తప్పు లేదు. అయినా పనిచేయదు.

మీ స్టార్టప్ ఫైల్లో అన్ని ఇంటరప్ట్ హ్యాండ్లర్లకీ వీక్ (అదే పేరుతో ఇంకోటి వస్తే తప్పుకునే) డెఫినిషన్లు ఉంటాయి, అన్నీ డిఫాల్ట్ హ్యాండ్లర్‌కే చూపిస్తూ. మనం అదే పేరుతో ఫంక్షన్ రాస్తే మనది స్ట్రాంగ్ కాబట్టి గెలుస్తుంది. ఆ నియమం లింక్‌లోకి వచ్చిన ఆబ్జెక్టుల మధ్యే వర్తిస్తుంది. ఆర్కైవ్‌లోని ఆబ్జెక్ట్ లింక్‌లోకి రావాలంటే ముందు ఎవరికో అవసరం ఉండాలి: ఇంకా దొరకని పేరు ఒకటి అందులో ఉండాలి. స్టార్టప్‌లోని వీక్ డెఫినిషన్ కూడా డెఫినిషనే. ఆ పేరు అప్పటికే దొరికేసింది కాబట్టి లింకర్ మీ ఆర్కైవ్‌ని తెరిచి అడగనే అడగదు. మీ స్ట్రాంగ్ హ్యాండ్లర్ పోటీలోకే రాలేదు.

డ్రైవర్లు మెయిన్ ప్రాజెక్టులో ఉన్నప్పుడు ఆబ్జెక్ట్ ఫైల్ నేరుగా లింక్ లైన్లో ఉండేది, అడగకుండానే లోపలికి వచ్చేది. అందుకే అప్పుడు పనిచేసింది.

నాని_దేవ్

లింకర్‌కి -యూ ఇచ్చి ఆ హ్యాండ్లర్ పేరు చెప్తే బలవంతంగా లాగదా?

సుజాత_సిస్టమ్స్

ఇక్కడ దాన్ని నమ్ముకోలేం. -యూ చేసేది ఆ పేరుని మొదట్లోనే దొరకనిదిగా నమోదు చేయడం. తర్వాత స్టార్టప్ ఆబ్జెక్ట్ ఆర్కైవ్ కంటే ముందు వస్తే, దాని వీక్ డెఫినిషన్‌తో ఆ కొరత తీరిపోతుంది. మళ్లీ మొదటికే. ఆర్కైవ్ ముందుంటే పనిచేస్తుంది, కానీ ఆర్డర్ మీద ఆధారపడే ఏర్పాటు రేపు ఎవరో లైను మారిస్తే చెప్పకుండా చెడిపోతుంది.

సీమేక్‌లో స్టాటిక్‌కి బదులు ఆబ్జెక్ట్ లైబ్రరీగా (ఆర్కైవ్ కట్టకుండా ఆబ్జెక్టుల్ని నేరుగా లింక్‌కి ఇచ్చేది) చేయండి, అది నాకు అన్నిటికంటే నచ్చిన దారి. లేదా ఆ ఒక్క లైబ్రరీకి --హోల్-ఆర్కైవ్ (ఆర్కైవ్ మొత్తాన్నీ లాగేది), వెనకే --నో-హోల్-ఆర్కైవ్. సీమేక్ 3.24 నుంచి దీనికి లింక్_లైబ్రరీ అనే జనరేటర్ ఎక్స్‌ప్రెషన్ ఉంది. ఫ్లాష్ నిండిపోతుందని భయపడకండి. ఫంక్షన్ సెక్షన్లు విడిగా కంపైల్ చేసి --జీసీ-సెక్షన్స్ పెట్టి ఉంటే వాడనివి ఎలాగూ పోతాయి. వెక్టర్ టేబుల్ (హ్యాండ్లర్ల అడ్రస్సుల పట్టిక) మాత్రం లింకర్ స్క్రిప్ట్‌లో కీప్ లోపల ఉందో లేదో ఒకసారి చూసుకోండి. లేకపోతే అదే పోతుంది.

కిరణ్_ఎంబెడెడ్

ఆబ్జెక్ట్ లైబ్రరీ చేశాను. ఇంటరప్ట్ నా హ్యాండ్లర్‌కి వస్తోంది. అక్కా, చాలా థాంక్స్. మ్యాప్ ఫైల్ (లింకర్ ఏం చేసిందో రాసిచ్చే నివేదిక) తీసి పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టాను. మొదట్లోనే ఏ ఆర్కైవ్ మెంబర్‌ని ఏ పేరు కోసం లాగిందో వరసగా రాసి ఉంటుంది. పాత మ్యాప్‌లో యూఎస్ఏఆర్‌టీ ఫైలు ఊసే లేదు. ఆ పేజీ ముందే చూసి ఉంటే సరిపోయేది, ఇకపై ముందు అదే చూస్తాను.

రాఘవ_కె

కిరణ్ గారి ప్రశ్న వల్ల నాకూ ఆర్కైవ్ సంగతి స్పష్టమైంది. నా వైపు: ఎస్‌క్యూలైట్ ఎర్రర్ పోయింది. ఇక మిగిలింది వెండార్ లైబ్రరీ ఒక్కటే. అందులో ఉన్నవి మూడు వేర్వేరు సమస్యలా, ఒకటేనా?

ఫాతిమా_సీపీపీ

మూడూ వేరు వేరు, కానీ అన్నిటికీ మూలం ఆ లైబ్రరీ పాత కంపైలర్‌తో, పాత హెడర్లతో తయారవడమే. ఆ పొడవు పేర్ల సంగతి నేను చెప్తాను.

ఎన్ఎంకి -సీ (పెద్ద అక్షరం) ఇచ్చి ఆర్కైవ్‌లో ఫంక్షన్లు చూడండి. అక్కడ ఆర్గ్యుమెంట్ ఎస్‌టీడీ::స్ట్రింగ్ అని పొట్టిగా కనిపిస్తుంది. మీ ఆబ్జెక్ట్ అడుగుతున్న పేరులో ఎస్‌టీడీ తర్వాత సీఎక్స్ఎక్స్11 అని, ఆపైన బేసిక్_స్ట్రింగ్ అని ఉంటుంది. 2015లో జీసీసీ 5తో స్ట్రింగ్, లిస్ట్ క్లాసుల అమరిక మారింది. 64 బిట్లలో పాత స్ట్రింగ్ ఆబ్జెక్ట్ 8 బైట్లు, కొత్తది 32 బైట్లు. రెండూ కలవకూడదనే పేర్లు వేరు చేశారు, అందుకే లింకర్ ఆపింది. ఆపకపోయి ఉంటే రన్ టైమ్‌లో మెమరీ పాడయ్యేది.

నాని గారు చెప్పిన మాక్రోని సున్నా చేస్తే మీ కోడ్ పాత స్ట్రింగ్‌తో కంపైల్ అవుతుంది. లిబ్‌ఎస్‌టీడీసీ++ (జీసీసీ వాడే సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ) రెండు రకాలనూ ఇప్పటికీ ఇస్తోంది కాబట్టి నడుస్తుంది. కానీ ప్రోగ్రాం మొత్తానికి పెడితే, ఉబుంటు ఇచ్చే మిగతా సీ ప్లస్ ప్లస్ లైబ్రరీల్లో స్ట్రింగ్ తీసుకునే ప్రతి ఫంక్షనూ ఇలాగే దొరకకుండా పోతుంది. కాబట్టి ఒక్క ఫైలుకే పెట్టండి. ఆ ఫైలు వెండార్ ఫంక్షన్లను పిలవాలి, బయటికి ఎక్స్‌టర్న్ సీ ఫంక్షన్లు మాత్రమే ఇవ్వాలి. క్యారెక్టర్ పాయింటర్లు, అంకెలు తప్ప ఇంకేమీ ఆ గీత దాటకూడదు. ఎక్సెప్షన్ వస్తే అక్కడే పట్టుకుని ఎర్రర్ నంబరుగా మార్చేయాలి.

ఇంకొకటి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ఆ ఫైల్లో మీ సొంత హెడర్లు చేర్చొద్దు. మీ కాన్ఫిగ్ క్లాసులో ఒక స్ట్రింగ్ మెంబర్ ఉందనుకోండి. ఆ క్లాసు పేరు రెండు పద్ధతుల్లోనూ ఒకటే, లోపలి సైజు మాత్రం వేరు. దాని ఇన్‌లైన్ ఫంక్షన్లు రెండు చోట్లా తయారై, లింకర్ అందులో ఒకటి ఉంచి ఇంకోటి పారేస్తుంది. లింక్ అయిపోతుంది, నడిచేటప్పుడు కూలిపోతుంది.

సుజాత_సిస్టమ్స్

ఫైనైట్ పేర్లు: వెండార్ -ఎఫ్‌ఫాస్ట్-మ్యాథ్ పెట్టి కంపైల్ చేసి ఉంటాడు. అప్పటి జీలిబ్‌సీ హెడర్లు ఆ ఫ్లాగు చూసి ఎక్స్‌ప్‌కి బదులు ఎక్స్‌ప్_ఫైనైట్‌ని పిలిచేలా మార్చేవి. జీలిబ్‌సీ 2.31లో వాటిని తీసేశారు. ఇప్పుడు ఆ పేర్లు లైబ్రరీలో పాత ప్రోగ్రాముల కోసమే ఉన్నాయి, కొత్తగా లింక్ చేసేవాళ్లకి దొరకవు. దాటే దారి: ఒక చిన్న సీ ఫైల్లో అవే పేర్లతో ఫంక్షన్లు రాసి, లోపల మామూలు ఎక్స్‌ప్, లాగ్, పౌలని పిలవడం. విలువలు సరిగ్గానే వస్తాయి.

రీలొకేషన్: ఉబుంటు 16.10 నుంచి అక్కడి జీసీసీ డిఫాల్ట్‌గా పీఐఈ ప్రోగ్రాములు తయారు చేస్తోంది, అంటే మెమరీలో ఎక్కడికైనా లోడ్ అయ్యేవి. మీ ఆర్కైవ్‌లోని కోడ్ 32 బిట్ల స్థిర అడ్రస్సులతో ఉంది, అది అందులో ఇమడదు. లింక్‌లో -నో-పై పెడితే ఇముడుతుంది. మీ సొంత ఆబ్జెక్టుల్ని మళ్లీ కంపైల్ చేయనక్కర్లేదు. పోయేది ఏమిటంటే ప్రోగ్రాం ప్రతిసారీ ఒకే అడ్రస్‌లో లోడ్ అవుతుంది, ఒక రక్షణ తగ్గుతుంది.

ఇప్పుడు ఒక్క ఆర్కైవ్ కోసం ప్రోగ్రాం మొత్తం -నో-పై, ఒక ఫైలుకి ప్రత్యేక మాక్రో, ఒక ఫైనైట్ ఫైలు. నాకైతే ఇవన్నీ ఒక చిన్న సహాయ ప్రోగ్రాంలోకి నెట్టేసి, వేబ్రిడ్జ్‌తో యునిక్స్ సాకెట్ మీద మాట్లాడించడం మంచిదనిపిస్తోంది. ప్రధాన ప్రోగ్రాం మామూలుగా ఉంటుంది.

పాత_యునిక్స్

సుజాత గారు సగం దారి చూపించారు, మిగతా సగం నేను చెప్తాను. సహాయ ప్రోగ్రాంని విడగొట్టాక, దాన్ని ఉబుంటులో లింక్ చేయాల్సిన అవసరం ఏముంది?

ఆవిడ మాటలోనే ఉంది చూడండి: ఆ ఫైనైట్ పేర్లు పాత ప్రోగ్రాముల కోసం ఇంకా ఉన్నాయి. జీలిబ్‌సీ ప్రతి పేరుకీ వెర్షన్ ముద్ర వేస్తుంది. సెంటాస్ 7లోని 2.17 మీద లింక్ అయిన ప్రోగ్రాం తనకు ఏ ముద్ర ఉన్న ఎక్స్‌ప్_ఫైనైట్ కావాలో లోపల రాసుకుని ఉంటుంది, 2.39 దాన్ని అలాగే ఇస్తుంది. కొత్తగా లింక్ చేయనివ్వదు గానీ, పాతగా లింక్ అయినదాన్ని నడపనిస్తుంది. పాత స్ట్రింగ్ సంగతీ అంతే, లిబ్‌ఎస్‌టీడీసీ++లో ఆ పేర్లు ఉన్నాయి. స్థిర అడ్రస్సులు కూడా అక్కడ సమస్య కాదు, సెంటాస్ 7లో పీఐఈ డిఫాల్టే కాదు.

కాబట్టి సెంటాస్ 7 కంటైనర్‌లో (ఆ సిస్టమ్ ఫైళ్లతో మీ మెషీన్లోనే విడిగా నడిచే పెట్టెలాంటిది), జీసీసీ 4.8.5తో, ఆ చిన్న సహాయ ప్రోగ్రాం ఒక్కటే బిల్డ్ చేయండి. మాక్రో అక్కర్లేదు, ఫైనైట్ ఫైలు అక్కర్లేదు, -నో-పై అక్కర్లేదు. వచ్చిన బైనరీని ఉబుంటు 24.04 మీద నడపండి.

ఫాతిమా_సీపీపీ

మాస్టారూ, అంటే సపోర్ట్ ఆగిపోయిన సెంటాస్ 7 ఇమేజ్‌ని మళ్లీ పట్టుకు తిరగాలి. ప్యాకేజీలు కూడా ఇప్పుడు పాత వెర్షన్లు దాచే వాల్ట్ సర్వర్‌లోనే దొరుకుతాయి. నేనైతే ఉబుంటులోనే లింక్ చేసి ఆ మూడు దాటివేతల్నీ మేక్‌ఫైల్లో కారణంతో సహా రాసిపెడతాను. ఇంకొన్నేళ్లకి ఆ ఇమేజ్ దొరకకపోతే?

పాత_యునిక్స్

న్యాయమైన ప్రశ్న. బిల్డ్‌కి మాత్రమే వాడతారు, నెట్‌వర్క్ ఆపేసి. ఇమేజ్‌ని ఫైలుగా సేవ్ చేసి మీ దగ్గరే ఉంచుకోవాలి. సహాయ ప్రోగ్రాం ఎంత చిన్నదైతే అంత మంచిది, పోర్ట్ తెరవడం, బరువు చదవడం, మూయడం. అది మారేదే అరుదు. ఫైనైట్ లాంటిది జీలిబ్‌సీ ఇంకొకటి తీసేసినా ఈ బైనరీకి ఏమీ కాదు. ఉబుంటులో లింక్ చేసే దారిలో వెళ్తే ప్రతి కొత్త వెర్షన్‌కీ ఇంకో దాటివేత కలపాల్సి రావొచ్చు.

రాఘవ_కె

మాస్టారు చెప్పిన దారే పట్టాను. సహాయ ప్రోగ్రాం కంటైనర్‌లో తయారైంది, 24.04 మీద మొదటిసారే నడిచింది. బరువు సరిగ్గా చదువుతోంది. ప్రధాన ప్రోగ్రాంలో ఇప్పుడు ఒక్క ప్రత్యేక ఫ్లాగ్ కూడా లేదు.

కానీ ఇంకో ప్రశ్న. కొన్ని మిల్లుల్లో ఇప్పటికే ఉబుంటు 22.04 ఉంది. అక్కడ ప్రధాన ప్రోగ్రాం పెడితే "వెర్షన్ జీలిబ్‌సీ_2.38 నాట్ ఫౌండ్" అని ఆగింది. 2.38లో వచ్చిన కొత్త ఫంక్షన్ ఏదీ నేను వాడలేదు.

ఫాతిమా_సీపీపీ

బైనరీ లోపల ఏముందో చూపే ఆబ్జ్‌డంప్‌కి -టీ (పెద్ద అక్షరం) ఇచ్చి 2.38 ముద్ర ఉన్న పేర్లు వెతకండి. ఐఎస్‌ఓసీ23 అనే ముందుమాటతో ఎస్‌టీఆర్‌టీవోఎల్, ఎస్‌స్కాన్ఎఫ్ లాంటివి కనిపిస్తాయి. 2.38 హెడర్లు వాటిని కొత్త సీ23 రూపాలకి మళ్లిస్తాయి, జీ++ వాడేవాళ్లకి ఇది అడగకుండానే జరుగుతుంది. 22.04లో ఉన్నది 2.35, అక్కడ ఆ పేర్లు లేవు.

ఇక్కడ మాత్రం ఏ ట్రిక్కూ వద్దు. పాతదాని మీద తయారైంది కొత్తదాని మీద నడుస్తుంది, తిరగేస్తే నడవదు. ప్రధాన ప్రోగ్రాంని 22.04 కంటైనర్‌లో బిల్డ్ చేసి రెండు చోట్లా అదే ఇవ్వండి. పైథాన్ వాళ్ల మెనీలినక్స్2014 వీల్స్ (ముందే బిల్డ్ చేసిన ప్యాకేజీలు) సెంటాస్ 7 ఆధారంగా తయారయ్యేది ఈ కారణంతోనే.

నాని_దేవ్

22.04లో జీసీసీ 11 కదా, బఫ్ లాంటివి మళ్లీ వస్తే అదీ పట్టుకుంటుంది. 10 నుంచే డిఫాల్ట్ కాబట్టి.

రాఘవ_కె

22.04 కంటైనర్‌లో బిల్డ్ చేసిన ప్రధాన ప్రోగ్రాం రెండు చోట్లా నడుస్తోంది. ఒక మిల్లులో పెట్టి చూస్తున్నాం, స్లిప్పులు శుభ్రంగా వస్తున్నాయి. అందరికీ ధన్యవాదాలు. వెండార్ ఆర్కైవ్‌నీ, కంటైనర్ ఇమేజ్‌నీ రిపోజిటరీలోనే పెట్టాలా?

సుజాత_సిస్టమ్స్

ఆర్కైవ్ చిన్నదే కాబట్టి దాన్ని రిపోజిటరీలోనే పెట్టండి. ఇమేజ్ పెద్దది, దాన్ని బ్యాకప్ అయ్యే సర్వర్‌లో ఉంచండి. రెండింటి ఎస్‌హెచ్ఏ-256 విలువలూ (ఫైలు మారిందో లేదో చెప్పే వేలిముద్రలు) సహాయ ప్రోగ్రాం మేక్‌ఫైల్ పైన కామెంట్‌లో రాయండి. పక్కనే "ఇది సెంటాస్ 7లోనే లింక్ చేయాలి, ఎందుకంటే ఆర్కైవ్‌లో పాత స్ట్రింగ్, ఫైనైట్ పేర్లు, స్థిర అడ్రస్సులు ఉన్నాయి" అని రాయండి. బిల్డ్ మొదలయ్యే ముందు ఆ విలువలు సరిపోలుతున్నాయో లేదో మేక్ చూసేలా ఒక రూల్ పెట్టండి, సరిపోలకపోతే అక్కడే ఆగాలి.